పదిమంది కలిసి రాసే భాషా మార్గదర్శి: పాఠకుల ప్రశ్నలకు సమాధానాలు

ప్రశ్న: మేము శ్రీకాకుళం జిల్లా మెళియాపుట్టి, పాతపట్నం మండలాల కొండ ఊళ్లలో పనిచేస్తున్న ఉపాధ్యాయులం. మాలో చాలామందికి ఇక్కడి గిరిజనులైన సవరల భాష, అంటే సవర, రాదు. కొత్తగా వచ్చే ఉపాధ్యాయులకు, ఆరోగ్య కార్యకర్తలకు ఉపయోగపడేలా సవర నేర్చుకునే పుస్తకం ఒకటి అందరం కలిసి రాయాలనుకుంటున్నాం. వ్యాకరణంతో మొదలుపెట్టాలా, పదాల పట్టికతో మొదలుపెట్టాలా? మాలో ఎవరమూ భాషాశాస్త్రం చదవలేదు. ఈ పని మేము చేయవచ్చా?
– ఉపాధ్యాయుల బృందం

సమాధానం: తప్పకుండా చేయవచ్చు, చేయాలి కూడా. ఇప్పటి శ్రీకాకుళం జిల్లాలోని పర్వతాలపేటలో 1863లో పుట్టిన గిడుగు వెంకట రామమూర్తి గారు పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడిగా పనిచేస్తూనే సవర నేర్చుకున్నారు. సవరలు మాట్లాడుతుంటే విని, వారినే అడిగి తెలుసుకుని, దశాబ్దాలపాటు కృషి చేశాక 1931లో సవర భాషా వ్యాకరణాన్ని, 1938లో సవర–ఇంగ్లీషు నిఘంటువును అచ్చులో చూశారు. అంత పని ఒక్కరే చేయడం అందరికీ సాధ్యం కాదు. అయితే ఆయన ఒంటరిగా మోసిన బరువును పదిమంది పంచుకుంటే, తరగతి గదికి, ఆరోగ్య కేంద్రానికి సరిపోయే చిన్న పుస్తకం తప్పకుండా తయారవుతుంది.

ఇక ఏది ముందు అన్న సంగతి. వ్యాకరణమూ వద్దు, పదాల పట్టికా వద్దు. మొదట ప్రశ్నలు పోగు చేయండి. మీలో సవర రానివారు ప్రతి ఒక్కరూ కొన్ని వారాలపాటు జేబులో చిన్న నోటుపుస్తకం పెట్టుకుని, భాష రాక పని ఆగిపోయిన ప్రతి సందర్భాన్నీ అప్పటికప్పుడు తెలుగులో రాసుకోవాలి. జ్వరంతో ఉన్న పిల్లను తీసుకొచ్చిన తల్లిని "ఎన్నాళ్ల నుంచి?" అని అడగవలసి రావచ్చు. "మందు అన్నం తిన్నాక వెయ్యి, పరగడుపున వెయ్యకు" అని చెప్పవలసి రావచ్చు. బడికి రాని పిల్లవాడి తండ్రి జీడితోటలోనో పోడు దగ్గరో కనిపించినప్పుడు విషయం ఎలా ఎత్తుకోవాలో తెలియకపోవచ్చు. ఇలా పోగైన వాక్యాలే మీ పుస్తకానికి మొదటి అధ్యాయాలు. భాష వచ్చినవారు కూర్చుని ఊహించి రాసే పుస్తకాల్లో రంగులు, పక్షులు, శరీర భాగాల పేర్లు నిండుగా ఉంటాయి గాని, నేర్చుకునేవారికి మొదటి వారంలోనే కావలసిన వాక్యం మాత్రం తరచుగా కనిపించదు. మాతృభాషలో ఏది కష్టమో దాన్ని మాట్లాడేవారికి కనబడదు కాబట్టే ఈ లోపం వస్తుంది. అందుకే ఈ పనిలో భాష రాని మీరే ముందు నడవాలి, భాష వచ్చిన సవర పెద్దలు మీరు రాసినదాన్ని సరిదిద్దాలి.

వాక్యాలు పోగయ్యాక వాటిని సవరలో చెప్పించుకోవాలి. ఒక్కరి దగ్గరే తీసుకుని సరిపెట్టుకోకండి. ఒక పెద్దామె, ఒక యువకుడు, వేరే గూడకు చెందిన ఇంకొకరు, ఇలా కనీసం ముగ్గురి చేత ఒకే వాక్యాన్ని విడివిడిగా చెప్పించి, వారి అనుమతితో ఫోనులో రికార్డు చేయండి. ముగ్గురూ మూడు విధాలుగా చెబితే మీకు నచ్చినదాన్ని ఉంచి మిగతావి కొట్టేయకుండా, ఏ ఊళ్లో ఎలా అంటారో మూడూ రాయండి. ప్రతి వాక్యం పక్కనా తెలుగు అర్థం, చెప్పినవారి ఊరు, వయసు ఇంచుమించుగా, రాసుకున్న తేదీ, సరిచూసినవారి పేరు ఉండాలి. ఈ అయిదు గడులూ మొదటి రోజు నుంచే నింపకపోతే, ఏడాది తరువాత ఒక వాక్యం మీద సందేహం వచ్చినప్పుడు ఎవరిని అడగాలో మీ బృందంలో ఎవరికీ తెలియదు. ఇంకొక మాట చెప్పాలి. మీతో కూర్చోవడానికి ఒక పూట పని మానుకున్న మనిషికి ఆ పూట కూలి ఇవ్వడం న్యాయం. పుస్తకంలో పేరు వేయడం గౌరవమే, కాని ఆ గౌరవం కూలి నష్టాన్ని పూడ్చదు.

వ్యాకరణం అవసరం ఆ తరువాత దానంతట అదే వస్తుంది. సవర మన తెలుగుకు చుట్టం కాదు. అది ముండా భాషల్లో ఒకటి, సంతాలీ, ముండారీల కుటుంబానికి చెందినది. కాబట్టి తెలుగు వాక్యంలో మాట తీసి మాట పెడితే సవర వాక్యం కాదు. దీనికి రెండు ఉదాహరణలు చెబుతాను, మీ పుస్తకంలో వీటికి చోటు కల్పించండి. సవర లెక్క 12 మీద ఆధారపడి నడుస్తుంది: 13 అనడానికి 12, 1 కలిపి చెబుతారు, 19 వరకూ ఇదే పద్ధతి, 20కి మళ్లీ కొత్త మెట్టు మొదలవుతుంది. అందువల్ల 33 అంటే 20, దాని మీద 12, దాని మీద 1 అవుతుంది. ఒకటి నుంచి పది వరకూ మాత్రమే పట్టిక వేసి వదిలేసిన పుస్తకం చదివినవారు సంతలో పదమూడు రూపాయల దగ్గరే తడబడతారు. రెండవది ఇంకా ముఖ్యమైనది. సవరలో చాలా నామవాచకాలకు పూర్తి రూపంతోపాటు ఒక పొట్టి రూపం కూడా ఉంటుంది. మాంసం తినడం వంటి మాటల్లో తినే వస్తువు పేరు ఆ పొట్టి రూపంలో క్రియలోనే ఇమిడిపోతుంది. పదాల పట్టికలో పూర్తి రూపం ఒక్కటే రాస్తే, ఆ పదం వచ్చిన మనిషి కూడా ఎదుటివారు మాట్లాడుతుంటే దాన్ని గుర్తుపట్టలేరు. మీ పట్టికలో ఈ రెండు రూపాలకూ రెండు గడులు పెట్టండి, రెండవది తెలియనిచోట గడిని ఖాళీగా ఉంచండి. ఖాళీ గడి ఎవరినీ తప్పుదారి పట్టించదు, పైగా తెలిసినవారు ఎవరో ఒకరు దాన్ని నింపుతారు.

లిపి గురించి మీరు అడగలేదు గాని ఆ తగాదా రేపో మాపో వస్తుంది. సవరకు మంగేయి గొమాంగో గారు 1936లో సొరాంగ్ సొంపెంగ్ అనే సొంత లిపిని రూపొందించారు, 2012లో అది కంప్యూటర్లు, ఫోన్లు అన్నిటికీ ఉమ్మడి అక్షర ప్రమాణమైన యూనికోడ్‌లోనూ చేరింది. ఒడిశా వైపు ఒడియా లిపిలో రాసేవారున్నారు, రోమను అక్షరాల్లో రాసేవారూ ఉన్నారు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో గిరిజన పిల్లలకు మాతృభాషలో చదువు మొదలుపెట్టినప్పుడు సవర వాచకాలు తెలుగు లిపిలో వచ్చాయి. మీ పుస్తకం చదవబోయేది తెలుగు చదవగలిగిన ఉద్యోగులు కాబట్టి తెలుగు లిపిలోనే రాయండి. అయితే గొంతులో గాలిని ఒక్క క్షణం ఆపి పలికే సవర ధ్వనికి మన లిపిలో అక్షరం లేదు. దానికి ఏ గుర్తు వాడాలో మొదటి సమావేశంలోనే తేల్చుకుని, పుస్తకం మొదటి పేజీలో అచ్చు వేయండి. ఒకరు ఒక గుర్తు, మరొకరు మరో గుర్తు వాడితే ఆ తరువాత సరిచేయడం చాలా పెద్ద పని. యూనికోడ్‌లో టైపు చేయడం కూడా అంతే అవసరం. అచ్చుపని కేంద్రాల్లో వాడే పాత ఫాంట్లలో కొట్టిన పాఠం కాగితం మీద బాగానే ఉంటుంది గాని, అందులో ఒక పదాన్ని వెతకడానికి గాని, ఫోనులో చదవడానికి గాని వీలుండదు.

ప్రశ్న: మాది ఇచ్ఛాపురం. ఇంట్లో ఒడియా, బయట తెలుగు మాట్లాడతాం. ఒడిశా వైపు నుంచి కోడళ్లుగా వచ్చిన ఆడపిల్లలు తెలుగు నేర్చుకోవడానికి మా మహిళా బృందం ఒక పుస్తకం రాస్తోంది. కొందరు పుస్తకాల తెలుగు రాయాలంటున్నారు, కొందరు మా ఊరి తెలుగే రాయాలంటున్నారు. ఒకరు రాసింది మరొకరు కొట్టేస్తున్నారు. మధ్యలో నేను నలిగిపోతున్నాను. ఏం చేయాలి?
– ఒక గృహిణి, ఇచ్ఛాపురం

సమాధానం: అమ్మా, కొత్త కోడలికి మొదట కావలసింది అత్తగారి మాట, పక్కింటివారి మాట, కూరగాయల బండి మనిషి మాట. "ఏటి చేస్తున్నావు?", "బేగి రా", "కూకో" అని చుట్టూ వినిపిస్తుంటే, ఆమె చేతిలోని పుస్తకంలో "ఏమి చేయుచున్నావు?" అని ఉండడం వల్ల ఆమెకు మేలు జరగదు. అలాగని ఆమె రేపు పిల్లల బడిలో నోటీసు చదవాలి, దరఖాస్తు రాయాలి, కాబట్టి రాసే తెలుగును వదిలేయడమూ కుదరదు. వినబడే వాక్యాన్ని పైన పెద్ద అక్షరాల్లో వేసి, రాసే రూపాన్ని దాని కిందనే చిన్న అక్షరాల్లో ఇవ్వండి. మన ప్రాంతపు మాటను తప్పు అని ముద్ర వేసే వ్యాఖ్య మాత్రం పుస్తకంలో ఒక్కచోట కూడా రాయకండి. వాడుక భాష కోసం గిడుగు వారూ, విజయనగరంలో గురజాడ అప్పారావు గారూ పోరాడిన నేల ఇది.

మీ పాఠాలు అందరికీ సరిపోయేలా ఉండాలని చూడకుండా, ఒడియా మాట్లాడేవారికి సరిపోయేలా రాయండి, అప్పుడే మీ శ్రమ ఫలిస్తుంది. హిందీ మాట్లాడేవారు 'ళ' పలకడానికి కష్టపడతారు. ఒడియాలో ఆ ధ్వని ఉంది కాబట్టి మీ కోడళ్లకు దాని మీద పాఠం అక్కరలేదు. వారికి నిజంగా చిక్కు వచ్చేది హ్రస్వ దీర్ఘాల దగ్గర. ఒడియా ఉచ్చారణలో ఎ–ఏ, ఒ–ఓల మధ్య అర్థాన్ని మార్చే తేడా లేదు. కాబట్టి మెడ–మేడ, కొన–కోన వంటి జంటలను చెవితో విని వేరు చేయడం వారు పనిగట్టుకుని నేర్చుకోవాలి. ఇలాంటి జంటలు ఒక ఇరవై ఏరి, మీ బృందంలో స్పష్టంగా పలికే ఇద్దరి గొంతుతో రికార్డు చేసి పుస్తకంతోపాటు ఇవ్వండి. రెండవ చిక్కు క్రియ చివర వస్తుంది. ఒడియాలో అతను వచ్చినా ఆమె వచ్చినా క్రియ ఒకటే. తెలుగులో అన్న వచ్చాడు, వదిన వచ్చింది, వాన వచ్చింది అంటాం. ఆడమనిషికీ వానకూ ఒకే క్రియ ఎందుకని ఒక్క కోడలైనా మిమ్మల్ని అడిగే ఉంటుంది. ఆ ప్రశ్నను ఆమె అడిగిన తీరులోనే పుస్తకంలో పెట్టి, జవాబు రాయండి. గౌరవం ఇచ్చేటప్పుడు అత్తగారు వచ్చారు అంటామని ఆ వెంటనే చెప్పండి, ఎందుకంటే ఇంట్లో ఆ అమ్మాయికి చిక్కు తెచ్చేది అక్కడే.

కొట్టివేతల తగాదాకు ఒక పద్ధతి ఉంది. ఒక్కొక్క పాఠానికి ఒక్కొక్కరిని బాధ్యురాలిగా పెట్టండి. ఇతరులు ఎవరైనా మార్పు సూచించవచ్చు గాని, పాత వాక్యాన్ని చెరిపేయకుండా పక్కన కారణంతో సహా రాయాలి. నిర్ణయం ఆ పాఠం బాధ్యురాలిది. ఎవరు ఎప్పుడు ఏం మార్చారో చెరిగిపోకుండా నిలిచే పద్ధతిలోనే తెలుగు వికీపీడియాలో వేల వ్యాసాలను ముక్కూముఖం తెలియని మనుషులు కలిసి రాశారు. మీరు నోటుపుస్తకంలో రెండు రంగుల సిరాతో రాసుకున్నా అదే ఫలితం వస్తుంది. ఇద్దరికీ పొత్తు కుదరనప్పుడు పాఠాన్ని తెలుగు రాని ఒక కోడలి చేతిలో పెట్టి, ఎవరూ పక్కన కూర్చుని వివరించకుండా చదవనివ్వండి. ఆమె ఎక్కడ ఆగిందో చూస్తే ఎవరి వాక్యం ఉంచాలో మీకే తెలుస్తుంది.

ప్రశ్న: మా బృందం దగ్గర గిడుగు వారి సవర పుస్తకాల నకళ్లు ఉన్నాయి. వాటిలోని పదాలు, వాక్యాలు మా పుస్తకంలో వాడుకుంటే కాపీరైటు చిక్కులు వస్తాయా? మేము రాసినదాన్ని రేపు ఎవరైనా సొంతం చేసుకుని అమ్ముకుంటే ఏం చేయాలి?
– ఒక పాఠకురాలు, విజయనగరం

సమాధానం: చిక్కులు రావు. మన దేశంలో రచయిత బతికుండగా ప్రచురించిన పుస్తకానికి, ఆయన మరణించిన మరుసటి ఏడాది నుంచి 60 ఏళ్లు కాపీరైటు ఉంటుంది. గిడుగు వారు 1940 జనవరిలో కన్నుమూశారు, కాబట్టి 2000తో ఆ గడువు ముగిసింది. ప్రభుత్వ ప్రచురణగా లెక్కించినా, ప్రచురించిన మరుసటి ఏడాది నుంచి 60 ఏళ్లే కాబట్టి ఆ గడువు అంతకు ముందే తీరింది. అయినా ఆయన దగ్గర తీసుకున్న ప్రతి వాక్యం కిందా ఆయన పేరు, పుస్తకం, సంవత్సరం వేయండి. అది మర్యాద, పైగా నేర్చుకునేవారికి ఆ వాక్యం దాదాపు తొంభై ఏళ్ల కిందటిదని తెలుస్తుంది. ఆ పాత వాక్యాలను ఇప్పటి సవరల చేత చదివించి, ఈనాటికీ అలాగే అంటారో లేదో అడిగిన తరువాతే పాఠాల్లోకి తీసుకోండి. మాట మారితే పాతదాన్నీ కొత్తదాన్నీ పక్కపక్కన ఉంచండి.

మీ సొంత రచనకు మీరే షరతులు పెట్టుకోవచ్చు. రచనను ఇతరులు ఏ షరతులతో వాడుకోవచ్చో ముందే చెప్పే క్రియేటివ్ కామన్స్ లైసెన్సుల్లో ఒకటి ఇలాంటి సమష్టి పనికి బాగా కుదురుతుంది: ఎవరైనా నకలు తీసుకోవచ్చు, మార్చుకోవచ్చు, అచ్చు వేసి అమ్ముకోవచ్చు కూడా, అయితే మీ పేరు చెప్పాలి, తాము మార్చినదాన్ని కూడా అదే షరతులతో అందరికీ వదలాలి. వ్యాపారానికి వాడకూడదనే లైసెన్సు కూడా ఉంది గాని, నేను దాన్ని సూచించను, ఎందుకంటే పక్క మండలంలో ఎవరైనా అచ్చు ఖర్చు రాబట్టుకోవడానికి కొద్ది ధరకు అమ్మాలన్నా అది అడ్డుపడవచ్చు. ఏ లైసెన్సు ఎంచుకున్నా, రాసిన ప్రతి ఒక్కరూ ముందే సంతకం చేయాలి. పుస్తకం వచ్చాక ఒకరు కాదంటే వారి భాగం మొత్తం తీసేయవలసి వస్తుంది. కథలు, పాటలు, పూజల్లో చెప్పే మాటలు రికార్డు చేసినట్లయితే వాటిని ఈ లైసెన్సు కింద పెట్టకండి. అవి చెప్పిన ఊరివారిని కూర్చోబెట్టి, ఏది బయటకు వెళ్లవచ్చో ఏది వెళ్లకూడదో వారి నోటితోనే చెప్పించుకుని, వద్దన్నవాటిని పుస్తకంలో చేర్చకుండా వారికే తిరిగి ఇవ్వండి.