పెళ్ళికి ముందే డబ్బాలు లెక్కపెట్టుకోండి

ప్రశ్న: ఎర్ర మోకాళ్ళ టరాంటులా (పెద్ద బొచ్చు సాలీడు) ఆడదాన్ని పెంచుతున్నాను. స్నేహితుడి దగ్గర ఈడొచ్చిన మగది ఉంది. రెండింటినీ ఓ వారం ఒకే పెట్టెలో ఉంచుదామనుకుంటున్నాం. ఆడది మగదాన్ని తినేస్తుందంటారు, నిజమేనా?

జవాబు: వారం ఉంచితే నిజమే అవుతుంది. ఒక్క రాత్రి కూడా వాటిని వాటి మానాన వదలకండి. అయినా మీరు ముందు అడగాల్సింది అది కాదు. మీ ఆడది ఆఖరిసారి కుబుసం ఎప్పుడు విడిచింది? మగది ఇచ్చిన వీర్యాన్ని ఆడది పొట్టలో చిన్న సంచుల్లో దాచుకుంటుంది. కుబుసంతో పాటు ఆ సంచుల లోపలి పొర కూడా ఊడి వచ్చేస్తుంది, అందులోని వీర్యమూ పోతుంది. అంటే రేపోమాపో కుబుసం విడిచేదానికి ఇవాళ జత కట్టిస్తే శ్రమంతా చెత్తబుట్ట పాలే. కుబుసం విడిచాక కోరలు నల్లబడి గట్టిపడాలి, కొన్నిసార్లు కడుపునిండా తినాలి, అప్పుడు చూడండి సంబంధం.

ఇక పెళ్ళికొడుకు. మొదటి జత కాళ్ళకు కొక్కేలు, నోటి పక్కనున్న పొట్టి చేతుల చివర బొడిపెలు కనబడితే ఈడొచ్చినట్టే. కానీ వాడు సిద్ధమైనట్టు కాదు. ఆఖరి కుబుసం తరవాత పలచటి పట్టు పరదా ఒకటి అల్లి, దానికి వీర్యపు బొట్టు అంటించి, ఆ బొడిపెల్లోకి నింపుకోవాలి. ఈ తతంగం ఎక్కువగా రాత్రిపూటే అవుతుంది. తెల్లారాక ఓ మూల చిరిగిన తెల్లటి పోగులు కనిపించాయేమో మీ స్నేహితుణ్ణి అడగండి.

జాతి సంగతి కూడా తేల్చుకోండి. ‘ఎర్ర మోకాళ్ళది’ అన్న పేరు చాలదు. బ్రాకిపెల్మా స్మితి పేరుతో ఏళ్ళ తరబడి చేతులు మారినవాటిలో చాలావరకు నిజానికి బ్రాకిపెల్మా హమొరై అని 2017లో తేలింది. రెండూ చూడ్డానికి ఇంచుమించు ఒకటే. అనుమానం ఉంటే మానుకోండి, సంకరపు పిల్లల్ని నేనైతే ఎవరికీ ఇవ్వను. పైగా ఇవి సైటిస్ (అడవి జీవుల అంతర్జాతీయ వ్యాపారాన్ని అదుపుచేసే ఒప్పందం) రెండో అనుబంధంలో ఉన్న జీవులు. తల్లీతండ్రీ ఎక్కణ్ణుంచి వచ్చాయో చెప్పే కాగితాలు లేకపోతే రేపు పిల్లలతో చిక్కు మీకే.

ఇవన్నీ కుదిరితే, మగదాన్ని గాలాడే చిన్న సీసాలో పెట్టి ఆ సీసాను రెండు మూడు రోజులు ఆడదాని పెట్టెలో ఉంచండి. ఆడదానికి ఆ రోజు తిండి పెట్టాకే సీసా మూత తియ్యండి. ఆడదాని పట్టు కాలికి తగలగానే మగది ఒళ్ళంతా వణికిస్తుంది, చేతులతో నేలమీద దరువేస్తుంది. ఇష్టమైతే ఆడదీ తిరిగి దరువేస్తుంది. ప్లాస్టిక్ మూతమీద గోటితో గబగబా కొట్టినట్టుండే ఆ చప్పుడు కోసం నేను ఫ్యాను కూడా కట్టేస్తాను. తరవాత ఎదురెదురుగా వస్తాయి. ఆడది కోరలు విప్పుతుంది, మగది తన కొక్కేలతో వాటిని ఒడిసిపట్టి, ఆడదాన్ని వెనక్కి ఎత్తి, కింద చేతులు చాస్తుంది. చాలాసార్లు నిమిషంలో అయిపోతుంది. ప్రమాదమంతా ఆ తరవాత, మగది కొక్కేలు వదిలే క్షణంలో. అట్టముక్క ఒకటి చేతిలో పట్టుకుని ఉండండి, మధ్యలో అడ్డుపెట్టడానికి. కళ్ళజోడు పెట్టుకోండి. చిరాకేస్తే ఇవి పొట్టమీది వెంట్రుకలు రాల్చి విసురుతాయి, అవి కంట్లో పడితే డాక్టరు దగ్గరికి పరుగే.

ఇంతకీ పుట్టేవి వందల్లో ఉంటాయి. ఒకటినొకటి తింటాయి కనక ఒక్కోదానికి ఒక్కో డబ్బా కావాలి, మూతకి చిల్లులు కావాలి, గోరంత తిండి కావాలి. డబ్బాలు పెట్టే అర, తీసుకునే మనుషులు ముందే లేకపోతే ఈ పెళ్ళి వద్దండీ. మిగిలినవాటిని పొదల్లో వదిలేస్తామని కొందరు రాస్తుంటారు. పరాయి జీవిని బయట వదలడం ఎక్కడైనా తప్పే, వాళ్ళకి నేను జవాబు కూడా ఇవ్వను.

ప్రశ్న: నా టరాంటులా గుడ్ల సంచి కట్టి పది రోజులైంది. ఇప్పుడే తీసి విడిగా పొదిగించాలా, తల్లి దగ్గరే ఉంచాలా?

జవాబు: పది రోజులకి తీస్తే ఆ సంచిని రోజుకి చాలాసార్లు మీరే తిప్పుతుండాలి. తల్లి చేసే పనే అది. తిప్పకపోతే గుడ్లు కింద అతుక్కుని కుళ్ళుతాయి. తల్లి నెమ్మదిగా ఉంటే దాదాపు ముప్పై రోజులు వదిలేయండి. అది కంగారుపడితే సంచిని తినేస్తుంది, అందుకే పెట్టెమీద గుడ్డ కప్పి, తలుపు దబదబలాడించకుండా ఉండాలి. తీసినప్పుడు సన్న కత్తెరతో సంచిని చీల్చి, లోపలివాటిని గిన్నెమీద బిగించిన మెత్తటి గుడ్డలో పరవండి. కింద కాస్త నీళ్ళు, చుట్టూ మూతున్న పెద్ద డబ్బా, వేడి 25 నుంచి 27 డిగ్రీలు. ముందు గుడ్లకే కాళ్ళు మొలిచినట్టు కనిపిస్తాయి, ఆ తరవాత తెల్లటి పిల్లలు, ఇంకో కుబుసం అయ్యాక నల్లబడి తిండి వెతుక్కునేవి. విడదీయాల్సింది అప్పుడే. పసుపు రంగుకి తిరిగి సొట్టపడ్డ గుడ్డు కనిపిస్తే వెంటనే ఏరెయ్యండి, ఒకదానికి పట్టిన బూజు పక్కదానికి పాకుతుంది.

ప్రశ్న: ఎంపరర్ తేళ్ళ జంట చాలాకాలంగా కలిసే ఉంటున్నాయి. ఇంతవరకు పిల్లల్లేవు.

జవాబు: జంటేనని ఎవరు చెప్పారు? అడుగున దువ్వెనల్లాంటి అవయవాలుంటాయి, మగదానికి అవి పెద్దవి. పారదర్శకమైన డబ్బాలో పెట్టి కిందినుంచి చూడండి. జంటే అయితే నేల చూడండి. అంతా మెత్తటి కోకోపీటేనా? మగ తేలు ఆడదాని డెక్కలు పట్టుకుని ముందుకీ వెనక్కీ నడిపిస్తూ గట్టి చోటు వెతుకుతుంది. అక్కడ వీర్యపు కాడను నిలబెట్టి, ఆడదాన్ని దానిమీదికి లాగుతుంది. కాడ నిలవడానికి బల్లపరుపు రాయి లేకపోతే ఆ నాట్యమంతా వృథా. ఒక పలక రాయి వెయ్యండి.

అన్నీ ఉన్నా ఓపిక కావాలి, ఏడెనిమిది నెలల కంటే ఎక్కువే మోస్తుంది. తేళ్ళు గుడ్లు పెట్టవు, తెల్లటి పిల్లల్ని కని వీపుమీద ఎక్కించుకుంటాయి. మొదటి కుబుసం విడిచేదాకా అవి అక్కడే. అప్పుడు పెట్టె శుభ్రం చెయ్యాలన్న బుద్ధి పుడితే చేతులు కట్టుకు కూచోండి. కదిలిస్తే తల్లి పిల్లల్ని నమిలేస్తుంది. మగదాన్ని మాత్రం ముందే వేరు చెయ్యండి.

ప్రశ్న: మా పాప పెంచే పుల్లపురుగు ఒక్కటే ఉంది, మగది లేదు. అయినా గుడ్లు పెడుతోంది. పనికొస్తాయా?

జవాబు: మీరు పంపిన బొమ్మను బట్టి అది కారౌసియస్ మొరోసస్ అనే జాతి పుల్లపురుగు. దానికి మగదాని అవసరమే లేదు, ఆ గుడ్లలోంచి ఆడపిల్లలే వస్తాయి, అవీ పెద్దయ్యాక అదే పని చేస్తాయి. పాపకి కావలసినన్ని గుడ్లు లెక్కపెట్టి ఉంచండి. మిగతావాటిని రెండు మూడు రోజులు ఫ్రీజర్‌లో పెట్టాకే పారెయ్యండి, పెట్టె అడుగున పోగైన రెట్టల్ని కూడా. ఆ రెట్టల్లో గుడ్లు కలిసిపోయి ఉంటాయి కనక పూలకుండీలో మాత్రం పొయ్యకండి.