బహుపదులకు పనిచేసిన ఎబిసి వాదన పూర్ణాంకాల దగ్గర ఎందుకు ఆగిపోతుంది?

సామాన్య కారణాంకం లేని ధన పూర్ణాంకాలకు ఎ + బి = సి అయితే, మూడింటిలో వచ్చే వేర్వేరు ప్రధాన సంఖ్యల లబ్ధాన్ని సి పెద్దగా మించదనేది ఎబిసి ఊహ. దీనికి బహుపదుల రూపాన్ని ఒక పేజీలో నిరూపించవచ్చు కదా, అదే వాదన పూర్ణాంకాలకు ఎందుకు పనికిరాదని అడిగారు. ఎమ్మెస్సీ చదివే రోజుల్లో నన్ను నెలల తరబడి వదలని ప్రశ్న ఇది. అడ్డం అంతా అవకలనం (డిఫరెన్షియేషన్) దగ్గరే ఉంది.

ఎ + బి = సి అనుకోండి. మూడూ సంకీర్ణ గుణకాల బహుపదులు. సామాన్య కారణాంకం లేదు, అన్నీ స్థిరాలే కావు. అప్పుడు మూడింటి లబ్ధానికి ఉండే వేర్వేరు మూలాల (దాన్ని సున్నా చేసే విలువల) సంఖ్య, ఆ మూడు బహుపదుల్లో అత్యధిక పరిమాణం (చరరాశి గరిష్ఠ ఘాతం) కంటే కనీసం ఒకటి ఎక్కువ. దీన్ని 1981లో స్టోథర్స్, 1984లో మేసన్ విడివిడిగా నిరూపించారు. పూర్ణాంకాల ఊహను మేసర్, ఓస్టర్లే ప్రతిపాదించింది ఆ తర్వాతే, 1985లో.

నిరూపణకు ప్రాణం ఇది: ఒక మూలం మూడుసార్లు వస్తే అవకలజంలో రెండుసార్లు మిగులుతుంది. అందువల్ల ఎ·బి′ − ఎ′·బి అనే బహుపదిలో (′ గుర్తు అవకలజానికి) ఎ, బి, సి మూడింటి పునరావృత మూలాలూ ఇమడాలి. దాని పరిమాణం అందుకు పరిమితి విధిస్తుంది.

ఇది ఏ క్షేత్రం (కూడిక, తీసివేత, గుణకారం, భాగహారం చేయగల సంఖ్యావ్యవస్థ) మీదైనా చెల్లుతుందని నమ్మి ఒక సెమినార్‌లో అలాగే చెప్పాను. మా అధ్యాపకుడు మాట్లాడకుండా లేచి బోర్డు మీద టి⁵ + 1 = (టి + 1)⁵ అని రాశారు. 5ను సున్నాగా లెక్కించే ఐదు మూలకాల క్షేత్రంలో ఇది నిజం. పరిమాణం 5, వేర్వేరు మూలాలు రెండే! టి⁵ అవకలజం 5టి⁴, అంటే అక్కడ సున్నా. అవకలజం చేతిలో లేకపోతే వాదనలో ఏమీ మిగలదని ఆ రోజే అర్థమైంది.

పూర్ణాంకాల్లో పరిస్థితి ఇంకా కఠినం. సంకలన, గుణకార నియమాలు రెండూ పాటించే అవకలనం ఉందనుకోండి. 1 = 1·1 కనుక 1′ = 1′ + 1′, అంటే 1′ సున్నా. 2 = 1 + 1 కనుక 2′ కూడా సున్నా. ఇలా ప్రతి సంఖ్యకూ సున్నాయే వస్తుంది. పైగా అసమానత ఉన్నదున్నట్టుగా నిలవదు కూడా: 1 + 8 = 9లో వచ్చే ప్రధాన సంఖ్యలు 2, 3; వాటి లబ్ధం 6, తొమ్మిది కంటే తక్కువ. ఊహలో ఆ లబ్ధానికి 1 + ఎప్సిలాన్ అనే ఘాతం (ఎప్సిలాన్ అంటే ఎంత చిన్నదైనా ధన సంఖ్య) చేరింది ఇలాంటి ఉదాహరణల వల్లే.

ఇప్పుడు కాగితం తీసుకుని ఫెర్మా సమీకరణం మీద (రెండు బహుపదుల ఎన్-వ ఘాతాల మొత్తం మూడోదాని ఎన్-వ ఘాతానికి సమానం) ప్రయత్నించండి. సామాన్య కారణాంకం లేని మూడు బహుపదుల్లో అత్యధిక పరిమాణం డి అయితే, వేర్వేరు మూలాలు 3డికి మించవు కనుక ఎన్·డి విలువ 3డి − 1 దాటకూడదు. కనుక ఎన్ 3 కంటే తక్కువ. ఎన్ = 2కు మాత్రం (1 − టి²)² + (2టి)² = (1 + టి²)² ఉండనే ఉంది.