డియోడరెంట్ సీసా పారేయకండి

సందేహం: మాది మిర్యాలగూడ. ప్రైవేటు స్కూల్లో టీచర్‌ని. జంతువుల మీద పరీక్షించిన వస్తువులు వాడకూడదని చాలా ఏళ్ల కిందటే నిర్ణయించుకున్నాను. ‘క్రూయల్టీ ఫ్రీ’ అనే మాట, పక్కనే కుందేలు బొమ్మ చూసి ఒక కంపెనీ డియోడరెంట్ కొన్నాను. మొదటి సీసా 2024 జనవరిలో మా ఊళ్లోని ఫ్యాన్సీ షాపులో తీసుకున్నాను, బిల్లు లేదు. రెండోది 2024 డిసెంబరులో యాప్‌లో తెప్పించాను, 349 రూపాయలు. మొదటిది వాడుతుండగా ఏప్రిల్‌లో చంకల్లో దద్దుర్లు లేచి నెల రోజులు అవస్థ పడ్డాను. డాక్టర్‌కు చూపించుకోలేదు, షాపులో ఆయింట్‌మెంట్ కొని రాసుకున్నాను. ఈ మధ్య బీఫార్మసీ చదువుతున్న మా అక్క కూతురు ఆరా తీసి, ధ్రువీకరణ ఇచ్చే సంస్థల జాబితాలో ఈ కంపెనీ పేరే లేదని, జంతు పరీక్షలు జరిగే దేశాల్లో కూడా ఇదే కంపెనీ సరుకు అమ్ముతోందని చెప్పింది. అప్పటినుంచి నిద్ర పట్టడం లేదు. సగం వాడిన ఆ రెండో సీసా చూస్తేనే ఒళ్లు మండుతోంది, చెత్తబండిలో వేసేద్దామనుకుంటున్నాను. పది లక్షల పరిహారం అడగవచ్చా? హాలియాలో మెడికల్ షాపు నడిపే మా పెద్దనాన్న కొడుకు, దద్దుర్లకు పాత తేదీ వేసి డాక్టర్ చీటీ ఇప్పిస్తానంటున్నాడు. ఇకమీదట నేనే తేనె మైనం లాంటివి కలిపి ఇంట్లో తయారుచేసి మా మహిళా సంఘం ద్వారా అమ్మాలని ఉంది. దానికి అనుమతి కావాలా?
– ఒక పాఠకురాలు, మిర్యాలగూడ

సమాధానం: అమ్మా, ముందు ఆ సీసాను చెత్తబండికి వేయకండి. మీ కేసుకు ఉన్న ప్రాణమంతా అందులోనే ఉంది.

మీ ఉత్తరంలో జంతు పరీక్షల గురించి రాశారు. సీసా మీద కంపెనీ అచ్చువేసిన వాక్యం మాత్రం పూర్తిగా రాయలేదు. ‘ఈ ఉత్పత్తిని జంతువులపై పరీక్షించలేదు’ అని ఉందా? ‘మా సంస్థ ఎక్కడా జంతు పరీక్షలు చేయదు, చేయించదు’ అని ఉందా? లేక ఏ వివరమూ లేకుండా ‘క్రూయల్టీ ఫ్రీ’ అనే రెండు ముక్కలే ఉన్నాయా? మీరు గెలిచేదీ ఓడేదీ ఈ ఒక్క విషయం మీదే. కారణం చెబుతాను.

మన దేశంలో సౌందర్య సాధనాలను జంతువులపై పరీక్షించడాన్ని 2014 మేలో నిషేధించారు. అలా పరీక్షించిన వాటి దిగుమతిని కూడా అదే ఏడాది నవంబరు నుంచి ఆపేశారు. 2020 డిసెంబరులో వచ్చిన కాస్మెటిక్స్ రూల్స్‌లోనూ ఈ నిషేధం కొనసాగింది. చట్టం దృష్టిలో డియోడరెంట్ కూడా సౌందర్య సాధనమే. కాబట్టి వినియోగదారుల కమిషన్ ముందు కంపెనీ వకీలు లేచి మొట్టమొదట చెప్పే మాట ఇది: ‘ఇక్కడ చట్టమే వద్దంది, మేం చేయలేదు, లేబుల్ మీద రాసింది నిజమే.’ లేబుల్ మీది వాక్యం ఈ ఒక్క ఉత్పత్తికే పరిమితమైతే ఆ వాదనకు బలం ఉంటుంది. వేరే దేశంలో వేరే సరుకు ఎలా అమ్ముతున్నారన్నది మీ సీసాకు సంబంధించిన అబద్ధం కాకుండా పోతుంది. పైగా ఆ దేశాల చట్టాలూ మారుతున్నాయి. చైనా 2021 మే నుంచి దిగుమతయ్యే సాధారణ సౌందర్య సాధనాలకు జంతు పరీక్షల నుంచి షరతులతో మినహాయింపు ఇచ్చింది. ‘ఫలానా దేశంలో అమ్ముతున్నారు కాబట్టి పరీక్షించి ఉంటారు’ అన్నది అనుమానం మాత్రమే. అనుమానం మీద కమిషన్ ఆర్డరు ఇవ్వదు.

అదే ‘మా సంస్థ ఎక్కడా చేయదు’ అని రాసి ఉంటే కథ మారిపోతుంది. ఏ వివరణా లేకుండా ‘క్రూయల్టీ ఫ్రీ’ అని వదిలేసి ఉన్నా మీకు మంచిదే. కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ, అంటే సీసీపీఏ, 2024 అక్టోబరు 15న గ్రీన్‌వాషింగ్ మీద, అంటే పర్యావరణానికి మేలు చేస్తున్నట్టు ఆధారం లేకుండా చెప్పుకోవడం మీద, మార్గదర్శకాలు ఇచ్చింది. ‘గ్రీన్’, ‘ఎకో ఫ్రెండ్లీ’ లాంటి మాటల వరసలో ‘క్రూయల్టీ ఫ్రీ’ని కూడా పేరుపెట్టి చేర్చింది. తగిన వివరణ, దాన్ని నిలబెట్టే ఆధారం లేకుండా ఇలాంటి మాటలు వాడకూడదని, ఆ మాట వస్తువు మొత్తానికా, అందులో కొంత భాగానికా, తయారీ పద్ధతికా అన్నది స్పష్టంగా చెప్పాలని అందులో ఉంది. అంటే ఆధారం చూపించాల్సిన బాధ్యత ఆ మాట వాడినవాడిది.

ఇది మీకు ఎంత ముఖ్యమో గమనించండి. ఆ సీసాలోని ద్రవాన్ని దేశంలో ఏ ల్యాబుకు పంపినా అందులో ఏమేం కలిపారో చెబుతారు. దాన్ని కుందేలు మీద పరీక్షించారో లేదో ఏ ల్యాబూ చెప్పలేదు. ఆ సంగతి కంపెనీ ఫైళ్లలోనే ఉంటుంది. పత్రాలు తెప్పించే విషయంలో వినియోగదారుల కమిషన్‌కు సివిల్ కోర్టుకు ఉన్న అధికారాలున్నాయి. ముడిసరుకు ఇచ్చినవాళ్ల నుంచి తీసుకున్న హామీ పత్రాలు, ధ్రువీకరణ పత్రం దాఖలు చేయమని కంపెనీని ఆదేశించాలని మీరు దరఖాస్తు పెట్టుకోవచ్చు. తేలేకపోతే, మొదటినుంచీ ఆధారం లేకుండానే రాశారని మీరు వాదించవచ్చు.

కుందేలు బొమ్మ సంగతి కూడా చూడాలి. ‘లీపింగ్ బన్నీ’ లాంటి గుర్తులు సంస్థలు తనిఖీ చేసి, అనుమతి ఇచ్చాక వాడుకోనిచ్చేవి. ఉత్త కుందేలు బొమ్మను ఏ డిజైనర్ అయినా గీసి ఇస్తాడు. మీ సీసా మీద ఉన్నది ఏ సంస్థ గుర్తో, దాని కింద పేరేమైనా ఉందో భూతద్దం పెట్టి చూడండి. అనుమతి లేకుండా ఒక సంస్థ గుర్తునే వాడి ఉంటే, లేని ధ్రువీకరణ ఉన్నట్టు చూపించినట్టే. అది అనుచిత వ్యాపార పద్ధతి కిందికి సూటిగా వస్తుంది. ఆకుపచ్చ చుక్క ఉంటే దాన్ని చూసి మాత్రం తృప్తి పడకండి. అది లోపలి పదార్థాలు శాకాహారమని చెబుతుంది, పరీక్షల గురించి ఏమీ చెప్పదు.

ఇక గడువు. వినియోగదారుల రక్షణ చట్టం 2019, సెక్షన్ 69 ప్రకారం వివాదానికి కారణం పుట్టిన రోజు నుంచి రెండేళ్లలో ఫిర్యాదు వేయాలి. మీరు మొదటి సీసా గురించి కూడా రాశారు. దానికి బిల్లు లేదు, సీసా లేదు, దాని రెండేళ్ల గడువు 2026 జనవరి వరకే. మోసం సంగతి తెలిసింది ఇప్పుడే కదా అని వాదించవచ్చు, ఆలస్యం మన్నించమని దరఖాస్తూ వేయవచ్చు. కానీ చేతిలో రెండో సీసా ఉండగా ఆ తలనొప్పి దేనికి? రెండోదానికి యాప్ బిల్లు ఉంది, సగం వాడిన సీసా మీ బాత్రూం అరలో ఉంది, కొన్నది 2024 డిసెంబరులో, అంటే మార్గదర్శకాలు వచ్చాక. గడువు 2026 డిసెంబరు వరకు ఉంది. మొదటి సీసాను మరిచిపోయి రెండోదాని మీద కేసు కట్టండి. గడువు ఉందని మళ్లీ నిద్రపోవద్దు. కంపెనీ లేబుల్ మార్చేయడానికి ఒక్క నెల చాలు.

ఈ రోజే చేయాల్సిన పని ఇది. సీసాను తుడవకుండా, కడగకుండా, మూత బిగించి ఒక కవర్లో పెట్టండి. అట్టపెట్టె ఉంటే అదీ దాచండి. అన్ని వైపులా ఫొటోలు తీయండి. బ్యాచ్ నంబరు, తయారీ తేదీ, తయారీ లైసెన్సు నంబరు, తయారుచేసినవారి చిరునామా, మార్కెట్ చేసినవారి చిరునామా అన్నీ చదవగలిగేలా రావాలి. చాలా సీసాల మీద ఈ రెండు చిరునామాలు వేరువేరుగా ఉంటాయి, ఇద్దరినీ ప్రతివాదులుగా చేర్చాలి. యాప్‌లో ఆ వస్తువు పేజీని, కంపెనీ సైట్‌లో ‘క్రూయల్టీ ఫ్రీ’ అని రాసిన పేజీని తేదీ కనబడేలా స్క్రీన్‌షాట్ తీయండి. స్క్రీన్‌షాట్ తీసిన ఫోన్ మార్చకండి. భారతీయ సాక్ష్య అధినియం సెక్షన్ 63 కింద దానికి సర్టిఫికెట్ జతచేయాల్సి ఉంటుంది.

దద్దుర్ల విషయంలో మిమ్మల్ని కోప్పడక తప్పదు. నెల రోజులు బాధపడి ఒక్కసారైనా డాక్టర్‌కు చూపించుకోలేదు. షాపులో ఏదో ఆయింట్‌మెంట్ కొన్నారు, దానికీ బిల్లు లేదు. అన్నిటికంటే ఘోరం, ఏప్రిల్‌లో దద్దుర్లు వస్తే డిసెంబరులో మళ్లీ అదే డియోడరెంట్ తెప్పించుకున్నారు. ‘పడలేదంటున్నారు కదా, మరి రెండోసారి ఎందుకు కొన్నారు?’ అని ఎదుటి వకీలు ఒక్క ప్రశ్న వేస్తే మీ దగ్గర జవాబు లేదు. ఆ ప్రశ్నతో మీ మంచి కేసు కూడా పలచబడుతుంది. అసలు క్రూయల్టీ ఫ్రీ అంటే ఒంటికి పడుతుందని అర్థం కాదు. జంతువులపై పరీక్షించని డియోడరెంట్లలో కూడా బేకింగ్ సోడా, సువాసన ద్రవ్యాలు ఉంటాయి, కొందరి చర్మానికి అవి పడవు. దద్దుర్ల మాట ఫిర్యాదులో ఎత్తకండి.

మీ అన్న ఇప్పిస్తానన్న చీటీ జోలికి అసలు పోవద్దు. ‘ఏం కాదు చెల్లె, నేను చూసుకుంటా’ అని ఆయన ధైర్యం చెబుతుండవచ్చు. కమిషన్ ముందు జరిగేది న్యాయ విచారణే. అక్కడ వాడేందుకు దొంగ సాక్ష్యం పుట్టిస్తే భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 229 కింద ఏడేళ్ల వరకు జైలు శిక్ష ఉంది. చీటీ రాసిన డాక్టర్, ఇప్పించిన మీ అన్న, దాఖలు చేసిన మీరు ముగ్గురూ ఇరుక్కుంటారు. ఆస్పత్రి ఓపీ రిజిస్టర్ తెప్పించమని ఎదుటివాళ్లు అడిగితే ఒక్క వాయిదాలో బయటపడుతుంది. 349 రూపాయల సీసా కోసం టీచర్ ఉద్యోగం, కుటుంబం పరువు పణంగా పెడతారా? కంపెనీ పేరుపెట్టి ‘దొంగలు’ అంటూ వీడియోలు కూడా పెట్టకండి. మీరు వేసే కేసు పక్కకు పోయి, వాళ్లు వేసే పరువునష్టం కేసు ముందుకొస్తుంది.

సీసా మీది వాక్యం అనుకూలంగా ఉంటే కంపెనీకి స్పీడ్ పోస్టులో నోటీసు పంపండి. కేసుకు ముందు నోటీసు ఇవ్వాలని చట్టం తప్పనిసరి చేయలేదు, కానీ ఇలాంటి కేసులో నోటీసే సగం సాక్ష్యం. సూటిగా అడగండి: ‘క్రూయల్టీ ఫ్రీ’ అన్నది తయారైన డియోడరెంటుకు మాత్రమేనా, ముడిసరుకుకు కూడానా, మీరు సరుకు అమ్మే అన్ని దేశాలకూ వర్తిస్తుందా? కుందేలు గుర్తు ఎవరిది, అనుమతి పత్రం ఏది? పదిహేను రోజుల గడువివ్వండి. వాళ్లు ఏం రాసినా ఆ జవాబుకు కట్టుబడి ఉండాల్సి వస్తుంది. రాయకపోతే ఆ మౌనాన్ని కమిషన్ ముందు పెట్టండి.

తర్వాత నల్గొండ జిల్లా వినియోగదారుల కమిషన్‌లో ఫిర్యాదు వేయండి. కంపెనీ ముంబైలో ఉన్నా ఢిల్లీలో ఉన్నా మీరు నివసించే జిల్లాలోనే వేసే హక్కు మీకుంది. ఈ-జాగృతి పోర్టల్ ద్వారా ఇంటి నుంచి కూడా వేయవచ్చు. 2019 చట్టంలో ఫీజు లెక్క మీరు కోరే పరిహారాన్ని బట్టి కాదు, వస్తువుకు చెల్లించిన ధరను బట్టి. ఐదు లక్షల వరకు ఫీజు లేదు. అందుకని పది లక్షలు కోరడం వల్ల ఫీజు పెరగదు, కానీ నమ్మకం తగ్గుతుంది. మీ ఉత్తరం చదివితే మీకు డబ్బు కంటే ఆ అబద్ధం ఆగడమే ముఖ్యమనిపించింది. అదే అడగండి. సీసా ధర వాపసు, మోసపోయినందుకు ఓ మాదిరి పరిహారం, ఖర్చులు, ఆ లేబుల్ వాడకం ఆపాలని, సవరణ ప్రకటన ఇవ్వాలని ఆదేశం కోరండి. సెక్షన్ 39 కింద ఇవన్నీ ఇచ్చే అధికారం కమిషన్‌కు ఉంది.

దీనితో పాటు జిల్లా కలెక్టర్‌కు కూడా రాతపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వండి, సోమవారం ప్రజావాణిలో ఇచ్చినా సరే. తప్పుదోవ పట్టించే ప్రకటనల మీద కలెక్టర్‌కు గానీ నేరుగా సీసీపీఏకు గానీ ఫిర్యాదు చేసే వీలు సెక్షన్ 17 కల్పించింది. సీసీపీఏ విచారించి తయారీదారుకు పది లక్షల వరకు జరిమానా వేయగలదు. అది మీ చేతికి రాదు, కానీ ఇలాంటి కంపెనీలు 349 రూపాయల వాపసు కంటే దానికే ఎక్కువ భయపడతాయి.

మీ చివరి ప్రశ్న, ఇంట్లో తయారీ. మీ కోసం, ఇంట్లోవాళ్ల కోసం చేసుకుంటే ఏ అనుమతీ అక్కర్లేదు. మంగలి షాపుల్లో గడ్డం గీశాక రాసే పటిక ముక్కను తడిపి రుద్దుకున్నా వాసన రాకుండా చాలామందికి పనిచేస్తుంది. అమ్మకానికి తయారుచేస్తే మాత్రం, పది డబ్బాలైనా సరే, డ్రగ్స్ అండ్ కాస్మెటిక్స్ చట్టం ప్రకారం రాష్ట్ర ఔషధ నియంత్రణ విభాగం నుంచి లైసెన్సు ఉండాలి. దాన్ని సీఓఎస్-8 ఫారంలో ఇస్తారు. సంఘం పేరుతో అమ్మినా మినహాయింపు లేదు. యంత్రాలు, గది, నిపుణుడు ఇవన్నీ సమకూర్చుకోవడం మీకు భారమైతే, ఇప్పటికే లైసెన్సు ఉన్న యూనిట్‌లో మీ ఫార్ములాతో తయారు చేయించుకునే లోన్ లైసెన్సు పద్ధతి ఉంది. దానికి సీఓఎస్-6లో దరఖాస్తు పెట్టాలి. మీరు కలపాలనుకుంటున్న తేనె మైనం విషయంలో జాగ్రత్త. దాన్ని వాడితే ‘వీగన్’ అని రాయకూడదు. పటిక కలిపితే ‘అల్యూమినియం లేదు’ అని రాయకూడదు, ఎందుకంటే పటికే అల్యూమినియం లవణం. ‘క్రూయల్టీ ఫ్రీ’ అని రాయాలంటే, ఇప్పుడు మీరు ఆ కంపెనీని ఏ పత్రాలు అడుగుతున్నారో అవే మీ ముడిసరుకు ఇచ్చినవాళ్ల దగ్గర తీసుకుని ఫైల్లో పెట్టుకోవాలి. ముందు నల్గొండలో డ్రగ్ ఇన్‌స్పెక్టర్‌ను కలవండి. లైసెన్సు చేతికి వచ్చేదాకా లేబుళ్లు అచ్చు వేయించకండి, సంఘం గ్రూపులో ఆర్డర్లు తీసుకోకండి.