మిమ్మల్ని చిన్నబుచ్చింది ఆమె కాదు

ప్రశ్న: నేను సైట్ ఇంజినీర్‌ని. మొన్న స్లాబ్ పోసే రోజు, నాకంటే 5 ఏళ్లు చిన్నదైన క్వాలిటీ ఇంజినీర్ 20 మంది పనివాళ్ల ముందు పని ఆపించేసింది. బీముల్లో కవర్ బ్లాకులు (రాడ్లు సెంట్రింగ్‌కు ఆనకుండా మధ్యలో పెట్టే చిన్న దిమ్మెలు) పెట్టలేదని, నేను చూడకుండానే సంతకం చేశానని గట్టిగా అనేసింది. వచ్చిన మిక్సర్లు వెనక్కి పోయాయి. సెంట్రింగ్, రాడ్ల పని మా అక్క భర్తదే. ఆయనకు నష్టం, నాకు తలవంపు. అప్పట్నుంచి నిద్ర లేదు. ఆమెను వేరే సైట్‌కు పంపించమని పైవాళ్లను ఎలా అడగాలి?

జవాబు: అడగకండి. ఆ సలహా నేను ఇవ్వను.

మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. ఆమె అబద్ధం చెప్పిందని మీరు ఎక్కడా రాయలేదు. బావగారి సంగతి ఒక్క ముక్కలో చెప్పి దాటేశారు. అసలు చిక్కంతా నాకు అక్కడే కనిపిస్తోంది.

మీకు తెలియనిది కాదు. రాడ్లు సెంట్రింగ్ మీద ఆనిపోతే వాటి కింద కాంక్రీట్ నిలవదు. తేమ తగిలి ఇనుము తుప్పు పడుతుంది, ఆ తుప్పుకు ఉబ్బి పెచ్చులు ఊడతాయి. అదే కాంక్రీట్‌తో నమూనాగా పోసిన క్యూబులు 28 రోజులకు పగలగొట్టి చూసినా ఈ లోపం దొరకదు. క్యూబు కాంక్రీట్ బలం చెబుతుందే గానీ, లోపల రాడ్డు ఎక్కడుందో చెప్పదు కదా! పోయకముందే ఆపాలి. ఆ అమ్మాయి ఆపింది.

ఇంత తెలిసీ మీరెందుకు సంతకం పెట్టారు? మిక్సర్లు గేటు దగ్గరున్నాయి, కాంక్రీట్ గట్టిపడిపోతుందని బావగారు తొందరపెట్టి ఉంటారు. కాదంటే అక్క కాపురంలో మాటొస్తుందని మీరు తగ్గి ఉంటారు. అక్క చల్లగా ఉండాలని ఏ తమ్ముడు కోరుకోడు? కానీ అల్లుడి మర్యాదలు ఇంటి దగ్గర చేయండి. ఆ స్లాబ్ కింద రేపు పిల్లలు నిద్రపోతారు. ఈ విషయంలో నేను మెత్తగా మాట్లాడలేను.

అక్కను మాత్రం మధ్యలోకి లాగకండి. ఎటు మాట్లాడినా నలిగేది ఆమే. సెలవు రోజు చూసుకుని బావగారితో మీరే కూర్చోండి. "బావగారూ, ఇకమీదట మీ పని నేను చెక్ చేయను, మీ బిల్లు కొలతలు నేను రాయను. మన చుట్టరికం మా ఆఫీసులో రాసిచ్చేస్తున్నాను" అని చెప్పండి. కోప్పడతారు. కొన్నాళ్లు మాట్లాడరు కూడా. ఓర్చుకోండి. పైవాళ్లకు మీరు రాయాల్సిన ఉత్తరం ఇదొక్కటే.

ఆ అమ్మాయి నలుగురిలో అనకుండా పక్కకు పిలిచి చెప్పొచ్చు కదా అంటారా? చెప్పొచ్చు, నిజమే. ఆ మాట ఆమెతో అనండి. అయితే "ఆ రోజు నేను చూడకుండా సంతకం పెట్టాను, తప్పే" అన్నాకే అనండి, అదీ ఆ పనివాళ్లు వింటుండగా. బావగారి చేతిలో లేని భవనం ఏదైనా ఉంటే, అక్కడ వచ్చే స్లాబ్ తనిఖీకి ఆమెతో కలిసి మీరూ పైకెక్కండి.