అతిమధురం గొంతు దాకా పోతుందా?

ప్రశ్న: డాక్టర్ గారూ, నేను జెడ్పీ హైస్కూల్లో లెక్కల టీచర్ని. రోజుకి ఐదు పీరియడ్లు, క్లాసుకి అరవై మంది పిల్లలు. నెల రోజులుగా సాయంత్రానికి గొంతు బొంగురుపోతోంది, ఆదివారం కాస్త తేరుకుంటుంది, సోమవారం మళ్ళీ మామూలే. మిరియాల పాలు, అతిమధురం, బుగ్గన కరక్కాయ అన్నీ అయ్యాయి, తగ్గలేదు. మా అత్తయ్య గారు టీచర్ల గొంతులంతేలే అంటున్నారు. అసలు లోపల ఏం జరుగుతోంది? తొమ్మిదో తరగతి చదివే మా అబ్బాయి గొంతు కూడా ఈమధ్య ఒకసారి కీచుగా, ఒకసారి మోటుగా వస్తోంది, రెండూ ఒకటేనా?
- ఒక పాఠకురాలు, ప్రకాశం జిల్లా

జవాబు: టీచర్ గారూ, ముందు ఆ అతిమధురం సంగతి చెప్తాను, అది అర్థమైతే స్వరపేటిక సగం అర్థమైనట్టే. మనం మింగిందేదీ స్వరతంత్రులకి తగలదండీ. తగలకుండా చూడ్డమే స్వరపేటిక మొదటి డ్యూటీ, మాటలు ఆ తర్వాతే. నోటి వెనకాల దారి రెండుగా చీలుతుంది, వెనకది ఆహారవాహిక, ముందుది వాయునాళం, ఆ వాయునాళం గుమ్మంలో కాపలా ఉండేది ఇది. మెడ ముందు చెయ్యి పెట్టుకుని గుటక వేసి చూడండి, గట్టిగా ఉన్నదొకటి పైకి లేచి దిగుతుంది కదా, అది లేచినప్పుడే ఆకులాంటి మూత, ఉపజిహ్విక, వెనక్కి వాలుతుంది, స్వరతంత్రులు రెండూ బిగుసుకుని మూసుకుంటాయి, ఊపిరి కూడా ఆ క్షణం ఆగుతుంది. తింటూ మాట్లాడినప్పుడు ఈ వరస తప్పి ఒక్క మెతుకు అటు జారినా పొలమారుతుంది, ఎవరో తలుచుకుంటున్నారని నెత్తి మీద తడతాం గానీ కాపాడేది ఆ దగ్గే. కాబట్టి అతిమధురం గొంతు పైభాగానికి హాయిగా ఉంటుందేమో గానీ బొంగురు పుట్టే చోటుకి పోదు. నీళ్ళు కూడా నేరుగా తగలవు, ఒంటికి పట్టాకే ఆ పొరలు తడిగా ఉంటాయి, అందుకని రోజంతా కొంచెం కొంచెంగా తాగుతూ ఉండండి.

ఇక నిర్మాణం. స్వరపేటిక మొత్తం 9 మృదులాస్థి (మెత్తటి ఎముక) ముక్కల పెట్టె. ముందు తెరిచిన పుస్తకం అట్టల్లా థైరాయిడ్ మృదులాస్థి, దాని కింద ఉంగరంలా క్రికాయిడ్, ఆ ఉంగరం వెనక అంచు మీద బుల్లి పిరమిడ్లలా రెండు ఎరిటినాయిడ్లు. తంత్రులు ముందు థైరాయిడ్‌కి, వెనక ఈ ఎరిటినాయిడ్లకి అతుక్కుని ఉంటాయి, ఇవి తిరిగితే అవి దగ్గరికొస్తాయి, దూరమవుతాయి. పేరు తంత్రులే గానీ వీణ తీగల్లా ఉండవు, రెండు మడతలు, లోపల కండరం, దాని మీద జెల్లీ లాంటి మెత్తటి పొర, ఆపైన పల్చటి తడి పొర. కిందనుంచి ఊపిరి నెట్టగానే విడిపోయి మళ్ళీ కొట్టుకుంటాయి, ఆడవాళ్ళలో సెకనుకి దాదాపు 200 సార్లు.

మీరు లెక్కల టీచరు కదా, వేసి చూడండి. 40 నిమిషాల పీరియడ్లో 20 నిమిషాలే గొంతు మోగిందనుకున్నా 2,40,000 సార్లు, ఐదు పీరియడ్లకి 12 లక్షలు! అదీ అరవై మందికి వినపడేలా గట్టిగా. రోజూ ఇలా కొట్టుకుంటే ఆ పొర వాస్తుంది, కొందరికి చేతికి కాయ కాసినట్టు రెండు వైపులా చిన్న బుడిపెలొస్తాయి, అప్పుడు తంత్రులు పూర్తిగా మూసుకోక మధ్యలోంచి గాలి జారి గొంతు బొంగురుగా వస్తుంది. టీచర్లలో, పాటలు పాడేవాళ్ళలో ఇది చాలా మామూలు. మీకు అదేనని చూడకుండా నేను చెప్పలేను, చెప్పకూడదు కూడా. కానీ మూడు వారాలు దాటిన బొంగురుని ఎవరైనా సరే ఈఎన్‌టీ డాక్టరుకి చూపించుకోవాల్సిందే, బీడీ, సిగరెట్ కాల్చేవాళ్ళైతే అన్నాళ్ళు కూడా ఆగొద్దు, స్వరపేటిక క్యాన్సర్ మొదట్లో ఇలాగే బయటపడుతుంది. ఇంకోటి, ఎడమ తంత్రికి వెళ్ళే నరం ఛాతీలోకి దిగి బృహద్ధమని (గుండె నుంచి బయల్దేరే పెద్ద రక్తనాళం) కింద మలుపు తిరిగి మళ్ళీ మెడలోకి వస్తుంది, అందుకే ఛాతీలో, థైరాయిడ్ గ్రంథిలో ఇబ్బంది ఉన్నా ముందు గొంతు మారొచ్చు. టీచర్ల గొంతులంతేలే అని ఊరుకోకూడదన్నది ఇందుకే.

పరీక్షకి భయపడకండి, సన్నటి కెమెరా ముక్కులోంచో నోట్లోంచో పెట్టి "ఈ..." అనమంటారు, కొద్ది నిమిషాల పని. 1854లో మాన్యుయెల్ గార్సియా అనే సంగీతం మాస్టారు పళ్ళ డాక్టర్ల అద్దం, సూర్యుడి వెలుగు పెట్టుకుని తన స్వరతంత్రులు తనే చూసుకున్నాడు, ఈ పరీక్షకి దారి వేసింది ఆయనే. బుడిపెలే అయినా ముందు ఆపరేషన్ కాదు, స్పీచ్ థెరపీ. ఈలోపు క్లాసులో నడుముకి కట్టుకునే చిన్న మైకు వాడండి, ప్రతి వాక్యానికీ గొంతు సవరించుకోవడం మానండి, సవరించుకున్నప్పుడల్లా తంత్రులు టపటపా కొట్టుకుంటాయి. గుసగుసగా మాట్లాడితే విశ్రాంతి అనుకోకండి, చాలామందికి దానివల్ల ఇంకా బిగుసుకుంటుంది, నిజంగా మౌనంగా ఉండండి.

అబ్బాయిది వేరే సంగతి, అది వయసు. టెస్టోస్టెరాన్ అనే మగ హార్మోన్ వల్ల స్వరపేటిక గబగబా పెరిగి తంత్రులు పొడవూ మందమూ అవుతున్నాయి, వాడి కండరాలకి ఇంకా ఆ కొత్త సైజు అలవాటు కాలేదు. కొన్ని నెలల్లో సర్దుకుంటుంది, అప్పటిదాకా ఇంట్లో ఎవరూ వెక్కిరించకుండా చూడండి.