ఫొటో ఎక్కిస్తే చాలదా, ఈ గడులన్నీ ఎందుకు?

ప్రశ్న: మా ఊరి గ్రంథాలయం బీరువాలో ఉన్న పాత ఫొటోలు, కరపత్రాలు, ఉత్తరాలు నలుగురం కలిసి స్కాన్ చేశాం, ఆరు వందల దాకా తేలాయి. ఒమేకా అనే వెబ్ సాఫ్ట్‌వేర్‌లో ఆన్‌లైన్ ఎగ్జిబిషన్ పెడదామంటే ఒక్కోదానికి డబ్లిన్ కోర్ అని పదిహేను గడులు చూపిస్తోంది. పేరు పెట్టి ఫొటో ఎక్కించేస్తే సరిపోదా?
– ఒక పాఠకురాలు, తెనాలి దగ్గర పల్లె

జవాబు: సరిపోదండి. అయితే పదిహేనూ నింపాలన్న టెన్షన్ ముందు వదిలేయండి. డబ్లిన్ కోర్ అంటే పేరు, తేదీ, తీసినవాళ్లు లాంటి వివరాలు రాసుకునే గడుల పట్టిక. అది 1995లో అమెరికాలోని ఒహాయో రాష్ట్రంలో డబ్లిన్ అనే ఊళ్లో జరిగిన సమావేశంలో మొదలైంది, ఆ పేరు అలా వచ్చిందే. అందులో ఏ గడీ తప్పనిసరి కాదు, ఒకే గడిని ఎన్నిసార్లయినా వాడుకోవచ్చు. తెలియనిది ఖాళీగా వదిలేయండి. తెలిసింది మాత్రం రాయకపోతే ఆ ఫొటో ఉన్నా లేనట్టే. డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా నుంచి ఇంటర్నెట్ ఆర్కైవ్ అనే వెబ్‌సైట్‌లోకి చేరిన తెలుగు పుస్తకాలే చూడండి, చాలావాటి పేర్లు ఇంగ్లీషు అక్షరాల్లో, అదీ తప్పుల స్పెల్లింగుతో ఎక్కాయి, తెలుగులో టైప్ చేసి వెతికితే ఎలా దొరుకుతాయి? తెలుగు వికీపీడియా సభ్యులు ఓపిగ్గా కూర్చుని వాటికి తెలుగులో జాబితాలు తయారుచేయాల్సి వచ్చింది.

అందరూ తడబడేది తేదీ దగ్గర. మీరు స్కాన్ చేసిన రోజు కాదు, ఫొటో తీసిన రోజు కావాలి. క్రియేటర్ అన్నచోట కూడా ఫొటోగ్రాఫర్ పేరో, కింద స్టూడియో ముద్ర ఉంటే అదో రాయాలి. మీ నలుగురి పేర్లు కంట్రిబ్యూటర్‌లో వేసుకోండి.

ఒక ఫొటో వెనక "పార్థివ, వైశాఖం" అని రాసుందనుకోండి. పార్థివ అరవై ఏళ్లకోసారి వస్తుంది: 1885, 1945, 2005. నలుపు తెలుపు ప్రింటు, మనుషుల తలల మీద గాంధీ టోపీలు, కాబట్టి అది 1945. తేదీ గడిలో 1945 వేసి, వివరణలో వెనకున్న మాట అక్షరం మార్చకుండా ఎక్కించి, ఆ ఏడాది అని ఎలా తేల్చారో ఒక ముక్క రాయండి. రేపు ఎవరైనా మీ లెక్క తప్పని చూపించాలన్నా ఆ ముక్కే ఆధారం.

అందుకే వెనకవైపు కూడా స్కాన్ చేయమంటున్నాను. మా నాన్నగారి ఆల్బం నేను ముందువైపే స్కాన్ చేసి, ఫొటోలన్నీ కొత్త అట్టల మీద జిగురుతో అంటించేశాను. ఆయన పెన్సిల్‌తో రాసుకున్న పేర్లన్నీ ఆ జిగురు కిందే పోయాయి. పెళ్లి పందిట్లో నిలబడ్డ పదకొండు మందిలో ఇప్పుడు నలుగుర్నే గుర్తుపట్టగలను, అడిగి తెలుసుకుందామంటే మా ఇంట్లో ఆ తరం వాళ్లెవరూ లేరు.

ఊరి పేర్లు ఫొటో మీద బెజవాడ అనుంటే విజయవాడ అని కూడా, బందరు అనుంటే మచిలీపట్నం అని కూడా రాయండి. జిల్లా కూడా అంతే: 2022 ఏప్రిల్‌లో ఆంధ్రప్రదేశ్‌లో 13 జిల్లాలు 26 అయ్యాక తెనాలి గుంటూరు జిల్లాలోనే ఉంది గానీ బాపట్ల వేరే జిల్లా అయింది. అప్పటిదీ ఇప్పటిదీ రెండూ ఉండాలి.

నలుగురు కూర్చుంటే ఒకరు పెళ్లి అంటారు, ఒకరు వివాహం, ఇంకొకరు కల్యాణం. సబ్జెక్ట్ గడికి ఏ మాట వాడాలో ముందే అనుకుని ఒక నోట్‌బుక్‌లో రాసిపెట్టుకోండి, లేకపోతే పెళ్లి అని వెతికినవాళ్లకు మూడో వంతే దొరుకుతాయి. డీటీపీ వాళ్ల చేత అను ఫాంట్లలో కొట్టించి అతికించొద్దు, వెబ్‌లో పిచ్చి గుర్తులుగా కనిపిస్తుంది. ఫోన్లలో, వెబ్‌లో అంతటా తెలుగు చదవగలిగేలా ఉంచే యూనికోడ్‌లోనే టైప్ చేయండి. ఇక ఉత్తరాలు ఎవరింటివో ఆ ఇంటివాళ్లను అడిగాకే పెట్టండి, ఒప్పుకున్నారన్న సంగతి రైట్స్ గడిలో రాయండి.

ఆరు వందలూ ఒకేసారి వద్దు. ఊళ్లో ఎనభై దాటినవాళ్లు ఎవరున్నారో చూసి, ముందు ఓ ఇరవై ఫొటోలు ట్యాబ్‌లో పెద్దవి చేసి చూపించండి. పేర్లు ఎడమ నుంచి కుడికి రాసుకోండి, ఎవరు చెప్పారో, ఏ రోజు చెప్పారో కూడా. గడులు వచ్చే నెలైనా నింపుకోవచ్చు, ఇది మాత్రం ఈ ఆదివారమే మొదలుపెట్టండి.