దవడ ఆపరేషన్‌లో వేసే ప్లేట్లు ఎండకు వేడెక్కుతాయా?

ప్రశ్న: డాక్టర్ గారూ, మా అమ్మాయికి 22 ఏళ్ళు. కింది దవడ బాగా ముందుకు ఉంటుంది, కొరికితే పైపళ్ళు లోపలికి పోతాయి. ఏడాదికి పైగా క్లిప్పులు వేయించాం, ఇప్పుడు ఆపరేషన్ చేసి ప్లేట్లు, స్క్రూలు బిగిస్తామంటున్నారు. మా బంధువు ఒకాయనకు చాలా ఏళ్ళ కిందట ఇదే ఆపరేషన్ చేసి నోరంతా తీగలతో కట్టేశారు. "తీగలైతే తర్వాత తీసేస్తారు, ప్లేట్లయితే జన్మంతా ఒంట్లో ఇనుమే, మన బెజవాడ ఎండకి అవి వేడెక్కి తలనొప్పి కూడా" అని ఆయన టెన్షన్ పెడుతున్నారు. మాఘమాసంలో పెళ్ళి అనుకుంటున్నాం. ఏం చేయమంటారు?
— ఒక తల్లి, పటమట, విజయవాడ

జవాబు: ముందు ఎండ సంగతి తేల్చేద్దాం అమ్మా, ఎందుకంటే ఏప్రిల్ వచ్చిందంటే ఈ ప్రశ్న నాకు తప్పదు. ప్లేటు ఉండేది చర్మం మీద కాదు, చిగురు, కండ కింద ఎముకకు అతుక్కుని. బయట 45 డిగ్రీలున్నా లోపల ఒంటి వేడి ఎంతో దానిదీ అంతే. రోహిణి కార్తెలో తలనొప్పి వస్తే మంచినీళ్ళు తాగాలి, ప్లేటును తిట్టి లాభం లేదు. ఇంకోటి, అది ఇనుము కాదు, టైటానియం. తుప్పు పట్టదు, ఎముక దాన్ని పరాయిదిగా చూడదు.

ఇక మీ బంధువు గారి విషయం. ఆయన అబద్ధం చెప్పడం లేదు, ఒకప్పటి పద్ధతి అదే. కింది దవడను రెండు పక్కలా నిలువుగా చీల్చి జరిపే ఆపరేషన్‌ను ట్రౌనర్, ఒబ్వెగెసర్ అనే సర్జన్లు 1957లో ఇంగ్లిష్ వైద్య పత్రికలో వివరించాక అది ప్రపంచమంతా పాకింది. అప్పట్లో కోసిన ముక్కలను సన్నటి స్టీలు తీగతో కలిపి కట్టేవాళ్ళు. తీగ ముక్కలను దగ్గరగా ఉంచగలదు గానీ కదలకుండా ఆపలేదు, అందుకని పైపళ్ళనూ కిందిపళ్ళనూ కలిపి సుమారు ఆరు వారాలు నోరు బంధించేసేవాళ్ళు. ఆ ఆరు వారాలూ జావ, పళ్ళరసం, మజ్జిగ, అదీ స్ట్రాతో. మనిషి చిక్కిపోతాడు, పళ్ళు సరిగ్గా తోముకోలేడు, వాంతి వస్తే ప్రాణం మీదికి రాకుండా తీగలు కత్తిరించే కట్టరు మంచం పక్కనే పెట్టుకోవాలి, విప్పాక నోరు తెరవడానికి మళ్ళీ కొన్ని వారాల కసరత్తు. 1974లో స్పీస్ల్ అనే సర్జన్ ఈ ఆపరేషన్‌కి స్క్రూలు వాడి చూపించాడు, ఆ దశకంలోనే ఫ్రాన్స్‌లో షాంపీ బృందం చిన్న ప్లేట్ల పద్ధతిని ఒక దారిలో పెట్టింది. ఆ తర్వాత రోగి మర్నాటి నుంచే నోరు కాస్త తెరిచి మాట్లాడటం, తాగడం మొదలైంది.

ఇప్పుడు కింది దవడకు రెండు రకాలుగా బిగిస్తారు. ఒకటి, పక్కకు రెండు మూడు పొడుగు స్క్రూలు, రెండు ముక్కల్లోంచీ దూరిపోయేలా. గట్టిగా ఉంటుంది, కానీ స్క్రూలు నేరుగా దిగాలంటే చాలాసార్లు బుగ్గ మీద చిన్న గాటు పెడతారు, కొన్ని మిల్లీమీటర్లే. పైగా ఎముకల మధ్య సందు ఉన్నచోట మరీ నొక్కి బిగిస్తే లోపల కింది పెదవికి పోయే నరం నలగవచ్చు, చెవి ముందుండే కీలు మెలిక పడవచ్చు. అందుకే సందును అలాగే ఉంచి పట్టుకునేలా స్క్రూ వేయడం ఎక్కువ. రెండోది, చిన్న ప్లేటు, ఎముక బయటి పొర వరకే దిగే పొట్టి స్క్రూలు. ఇది మొత్తం నోటి లోపల్నుంచే అయిపోతుంది, కాబట్టి పెళ్ళికూతురి బుగ్గ మీద గాటు గురించి బెంగ ఉంటే సర్జన్‌ని ఈ మాట అడగండి. రెండూ మంచి పద్ధతులే, ఆయన చేతికి ఏది అలవాటో అది చేయనివ్వడమే నాకిష్టం.

తీగ పూర్తిగా పోలేదు కూడా. ఆపరేషన్ థియేటర్లో కొత్త బైట్‌లో, అంటే పైపళ్ళు కిందిపళ్ళు కలవాల్సిన తీరులో, పళ్ళను తీగతో కట్టి, కీలును దాని గుంటలో సరిగ్గా కూర్చోబెట్టి, ప్లేట్లు బిగించి, అప్పుడు తీగ విప్పి దవడ ఆడించి చూస్తారు. బైట్ తప్పితే అక్కడే ప్లేటు విప్పి మళ్ళీ వేస్తారు. కీలు తప్పుగా కూర్చుంటే ఎంత గట్టి ప్లేటైనా ఆ తప్పునే గట్టిగా పట్టి ఉంచుతుంది!

మీరు డాక్టరును అడగాల్సిన అసలు ప్రశ్న ప్లేటు ఏ కంపెనీది అని కాదు. దవడ ఎటు, ఎంత జరుపుతున్నారు అని. పై దవడను పైకి ఎక్కిస్తే చాలా స్థిరంగా ఉంటుంది. పై దవడను కిందికి దించడం, కింది దవడ ఒక్కదాన్నే వెనక్కి నెట్టడం, పై దవడను వెడల్పు చేయడం, ఈ మూడూ కొంత వెనక్కి తిరిగే రకం. మీ అమ్మాయి లాంటి కేసుల్లో చాలామందికి రెండు దవడలూ జరిపేది అందుకే: పైది కాస్త ముందుకు, కిందిది కాస్త వెనక్కి. ఆ మాట ఎత్తితే "డబ్బుల కోసం రెండో దవడ కూడా అంటున్నారు" అనుకోకండి.

పెళ్ళి గురించి: పెద్ద వాపు నెల లోపు తగ్గుతుంది, మిగతాది నెలల మీద. కింది పెదవి, గడ్డం తిమ్మిరి చాలామందిలో నెలల్లో తగ్గుతుంది, కొందరికి కొద్దిగా ఉండిపోతుంది, ఇది అమ్మాయికి ముందే చెప్పాలి. క్లిప్పులు ఆపరేషన్ తర్వాత కూడా కొన్ని నెలలు ఉంటాయి. ఆపరేషన్‌కీ ముహూర్తానికీ మధ్య ఆరు నెలలైనా లేకపోతే రెంటిలో ఒకటి వాయిదా వేయండి. రెండో అభిప్రాయం కావాలంటే విజయవాడ ప్రభుత్వ డెంటల్ కాలేజీలోనూ, గుంటూరు పక్కన తక్కెళ్ళపాడు సిబార్ కాలేజీలోనూ దవడ సర్జరీ విభాగాలున్నాయి.

ప్రశ్న: నాకు 19. ముందుపళ్ళు కలవవు, జామకాయ కూడా కొరకలేను. రెండు దవడలకూ ఆపరేషన్ అన్నారు. కరిగిపోయే ప్లేట్లు ఉన్నాయట, ఖర్చెక్కువ. అవే వేయించుకోమంటారా?
— విద్యార్థి, బ్రాడీపేట, గుంటూరు

జవాబు: ప్లేటు పని స్లాబు కింద సెంట్రింగ్ లాంటిది, ఎముక గట్టిపడేదాకా పట్టి ఉంచడమే. ఆ లెక్కన పనైపోయాక మాయమయ్యే ప్లేటు మంచిదే కదా అనిపిస్తుంది. ఇవి పాలీలాక్టిక్, పాలీగ్లైకోలిక్ ఆమ్లాల నుంచి చేసినవి. కొన్ని నెలల్లో బలం తగ్గి, రకాన్ని బట్టి ఏడాది నుంచి కొన్నేళ్ళలో నీరు, కార్బన్ డయాక్సైడుగా విడిపోతాయి. పసిపిల్లల పుర్రె ఎముకలకు వీటి ఉపయోగం బాగా ఉంది, అక్కడ ఎముక ఇంకా పెరగాలి కాబట్టి. నీకు ఆ అవసరం లేదు. టైటానియం కన్నా మందంగా ఉంటాయి, స్క్రూ బిగించేటప్పుడే విరగవచ్చు, కరిగే సమయంలో కొందరికి అక్కడ వాపొస్తుంది. ముందుపళ్ళ మధ్య సందు మూసే ఆపరేషన్లో దవడ మళ్ళీ తెరుచుకోవాలని చూస్తుంది, అక్కడ నేనైతే టైటానియమే అడుగుతాను. పై దవడకు మామూలుగా నాలుగు చిన్న ప్లేట్లు, ముక్కు పక్కన రెండు, బుగ్గ ఎముక కింద రెండు. మిగిలిన డబ్బు తర్వాత తిండికి దాచుకో బాబూ: ఆరు వారాలు రాగిజావ, మెత్తగా కలిపిన పప్పన్నం, ఉడికించి చిదిమిన కూర. చేగోడీలు, జంతికలు, ఆవకాయ టెంక, చెరుకు ముక్క వద్దు. ప్లేటు ఉంది కదా అని నమిలితే ప్లేటే విరుగుతుంది, అలా వచ్చినవాళ్ళను చూశాను.

ప్రశ్న: ఆపరేషన్ అయి రెండేళ్ళు. స్కానింగ్‌కీ, ఎయిర్‌పోర్టులోనూ ఇబ్బందా? పైచిగుట్లో ఒకచోట గట్టిగా తగులుతోంది, అప్పుడప్పుడు ఉప్పగా ఏదో వస్తుంది.
— అమరావతి రోడ్డు, గుంటూరు

జవాబు: టైటానియాన్ని అయస్కాంతం లాగదు, ఎమ్మారై చేయించుకోవచ్చు, ప్లేట్లున్నాయని ముందే చెప్పండి. ప్లేట్ల దగ్గర బొమ్మ కొంచెం చెదురుతుంది, అంతే. ఎయిర్‌పోర్టు గేటు ఇంత చిన్న ప్లేట్లకు మామూలుగా మోగదు. బాధ లేనివాళ్ళకు ప్లేట్లు తీయాల్సిన పనీ లేదు. మీది అలా కాదు. ఉప్పగా వచ్చేది చీము కావచ్చు, స్క్రూ వదులై ఉండొచ్చు. రెండేళ్ళకు ఎముక ఎప్పుడో అతుక్కుని ఉంటుంది కాబట్టి ఆ ప్లేటు తీసేసినా దవడ కదలదు, చాలాసార్లు మత్తింజెక్షను ఇచ్చి చేసే చిన్న పని. సిగరెట్ అలవాటుంటే అది కూడా కారణమే. యాంటీబయాటిక్ మీరే కొనుక్కుని వేసుకోకుండా ఈ వారంలోనే ఎక్స్‌రే తీయించుకుని సర్జన్‌కి చూపించండి.